‘మొట్టమొదటి నల్ల స్త్రీ’ తర్వాత ఏమైంది?

నేను పనిచేసిన మహిళా కళాశాల యాభై ఏళ్ళు పూర్తిచేసుకున్నప్పుడు ఒక ప్రత్యేక సంచిక వేశాం. ‘మనం గర్వించే పూర్వ విద్యార్థినులు’ అన్న భాగం నా నెత్తిన పడింది. అడ్రసులు దొరికినవాళ్ళందరికీ ఉత్తరాలు రాశాను. డాక్టర్లు, లెక్చరర్లు, బ్యాంకు అధికారులు, ఒక జడ్జి - అందరూ సంతోషంగా జవాబులు పంపారు. యూనివర్సిటీ ఫస్టు వచ్చి, ఏడాది ఉద్యోగం చేసి మానేసిన ఒకావిడ మాత్రం నాలుగు పేజీలు రాసింది. ఎందుకు మానేసిందో, ఎవరెవరు ఏమన్నారో, ఇప్పుడేం చేస్తోందో అన్నీ రాసింది. చదివి కళ్ళు తుడుచుకున్నాను గానీ ఆ ఉత్తరాన్ని ఏ వరుసలో వెయ్యాలో తోచలేదు. హోదా అన్న గడిలో రాయడానికి ఏమీ లేదు. పక్కన పెట్టేశాను. సంచికలో ఆవిడ పేరు రాలేదు.

అమెరికాలోని హోవార్డ్ విశ్వవిద్యాలయంలో చదువుకున్న నల్ల స్త్రీల గురించి కొన్నాళ్ళుగా చదువుతున్నాను. చదివేకొద్దీ ఆ ఉత్తరమే గుర్తొస్తోంది.

ముందు ఒక మాట. హోవార్డ్ అంటే హార్వర్డ్ కాదు. టోనీ మారిసన్ పాఠం చెప్పిన ప్రతి ఏడూ నా విద్యార్థుల్లో సగం మంది పరీక్ష పేపర్లో ఆమెను హార్వర్డ్‌లో చదివించేసేవాళ్ళు. అడిగితే, నోట్సులో అచ్చుతప్పు పడిందనుకుని సరిచేశామనేవాళ్ళు. ఆ రెండు పేర్ల మధ్య ఎంత దూరముందో చెప్పడానికి క్లాసులో టైము చాలేది కాదు. ఇక్కడ చెప్తాను.

అమెరికాలో అంతర్యుద్ధం 1865లో ముగిసింది. బానిసత్వం రద్దయింది. నలభై లక్షల మంది మనుషులు ఒక్కసారిగా స్వతంత్రులయ్యారు. అంతకుముందు దక్షిణాది రాష్ట్రాలు చాలావాటిలో బానిసలకు చదువు చెప్పడమే నేరం. ఈ జనానికి చదువు, వైద్యం, భూమి, కూలి ఒప్పందాలు చూడడానికి ప్రభుత్వం ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో అని ఒక శాఖ పెట్టింది. దాని అధిపతి జనరల్ ఆలివర్ ఓటిస్ హోవార్డ్. 1867 మార్చి 2న వాషింగ్టన్ నగరంలో కాంగ్రెస్ చార్టర్‌తో మొదలైన విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టారు. జాతితోగానీ స్త్రీపురుష భేదంతోగానీ పని లేకుండా ఎవరైనా చేరవచ్చన్నారు. 1868లో వైద్యకళాశాల, 1869లో న్యాయకళాశాల వచ్చాయి. ఇలాంటి విద్యాసంస్థలు ఇప్పుడక్కడ దాదాపు వంద ఉన్నాయి. 1964కి ముందు నల్లవాళ్ళ చదువు కోసం పుట్టినవి అని 1965 నాటి ఉన్నత విద్యాచట్టం వీటికి ఒక నిర్వచనం ఇచ్చింది.

ఇలాంటి ఏ విశ్వవిద్యాలయం పూర్వ విద్యార్థుల జాబితా చూసినా ఒక మాట పదేపదే కనిపిస్తుంది: మొట్టమొదటి. మొట్టమొదటి నల్ల మహిళా న్యాయవాది, మొట్టమొదటి నల్ల మహిళా రాయబారి, మొట్టమొదటి నల్ల మహిళా మంత్రి. హోవార్డ్ జాబితా మరీ పెద్దది. గాయనులు జెస్సీ నార్మన్, రాబర్టా ఫ్లాక్, నటి ఫిలీషియా రషాద్, వాషింగ్టన్ నగరానికి మేయరైన షారన్ ప్రాట్ అందరూ అక్కడివాళ్ళే. ఈ పేర్లు చూసి గర్వపడని వాళ్ళుండరు. నేనూ పడ్డాను. అయితే ‘మొట్టమొదటి’ అన్నచోట ఆగి, తర్వాత ఏమైంది అని అడగడం మొదలుపెడితే జాబితా ఇంకో రకంగా కనిపిస్తుంది.

షార్లట్ ఇ. రే దగ్గర మొదలుపెడదాం. 1850లో న్యూయార్క్‌లో పుట్టింది. తండ్రి బానిసత్వ వ్యతిరేకోద్యమకారుడు, పత్రికా సంపాదకుడు. ఆమె హోవార్డ్‌లోనే పిల్లలకు పాఠాలు చెప్తూ, అక్కడే లా చదివి 1872లో డిగ్రీ తీసుకుంది. అదే ఏడు వాషింగ్టన్‌లో న్యాయవాదిగా నమోదైంది. అమెరికాలో న్యాయవాద వృత్తిలో అడుగుపెట్టిన తొలి నల్ల స్త్రీ ఆమే. ఆ సమయంలో ఇలినాయ్ రాష్ట్రంలో మైరా బ్రాడ్‌వెల్ అనే తెల్ల స్త్రీ అదే హక్కు కోసం కోర్టుల చుట్టూ తిరుగుతోంది. స్త్రీకి భార్యాత్వం, మాతృత్వం దేవుడిచ్చిన ధర్మాలని ఒక న్యాయమూర్తి ఉపదేశం కూడా చేసి మరీ 1873లో సుప్రీంకోర్టు ఆమె దావా కొట్టేసింది. షార్లట్ రే అదృష్టవంతురాలు. వాషింగ్టన్‌లో న్యాయవాదుల నమోదు నిబంధనల్లోంచి ‘పురుషుడు’ అన్న మాట అప్పటికే తీసేశారు.

నిబంధనలోంచి మాట తీసేసినంత సులువుగా మనుషుల బుర్రల్లోంచి తీసెయ్యలేం కదా. రే ఆఫీసు తెరిచింది. కంపెనీ చట్టాల్లో దిట్ట అని పేరొచ్చింది. 1875లో, తాగొచ్చి హింసించే భర్త నుంచి విడాకులు కోరిన మార్తా గాడ్లీ అనే చదువురాని నల్ల స్త్రీ తరఫున కోర్టులో నిలబడింది. మన దగ్గర ఇప్పటికీ గృహహింస కేసంటే ‘సర్దుకుపొమ్మని చెప్పు’ అనే లాయర్లున్నారు. నూటయాభై ఏళ్ళ కిందట ఒక నల్ల స్త్రీ కోసం ఇంకొక నల్ల స్త్రీ కోర్టులో వాదించిందంటే ఆ దృశ్యాన్ని ఊహించుకుంటూ కాసేపు కూర్చుండిపోయాను. కానీ కేసులు రాలేదు. తెల్లవాళ్ళు రాలేదు, డబ్బున్న నల్లవాళ్ళు మగ లాయర్ల దగ్గరకు పోయారు. ఆమె సమర్థురాలే గానీ వివక్ష వల్ల సరిపడా కేసులు దొరక్క వృత్తి వదులుకోవాల్సి వచ్చిందని ఇంకొక మహిళా న్యాయవాది తర్వాత రాసింది. 1879 నాటికి రే న్యూయార్క్ తిరిగి వెళ్ళిపోయి బ్రూక్లిన్‌లో స్కూలు టీచరయింది. స్త్రీల ఓటుహక్కు సభలకు వెళ్ళింది, నల్ల స్త్రీల సంఘంలో పనిచేసింది. 1911లో చనిపోయింది.

జాబితాలో ఆమె పేరు పక్కన 1872 అనే ఉంటుంది. 1879 ఉండదు. టీచరు కావడం తక్కువని నేననడం లేదు, నేనూ టీచర్నే. ఆమె టీచరు పని కోరుకుని వెళ్ళిందా, ఇంకేమీ మిగలక వెళ్ళిందా అన్నదే ప్రశ్న. నాకు వచ్చిన నాలుగు పేజీల ఉత్తరంలో ఉన్నది సరిగ్గా అదే.

రే సంగతి చెప్పినప్పుడు మేరీ ఆన్ షాడ్ కేరీని వదలకూడదు. 1850లలో కెనడాలో, పారిపోయి వచ్చిన బానిసల మధ్య ‘ప్రొవిన్షియల్ ఫ్రీమన్’ అనే పత్రిక నడిపిన మనిషి. ఆడది సంపాదకురాలంటే ఎవరూ కొనరని మొదట్లో పత్రిక మీద ఒక మగాయన పేరు వేసి, తన పేరు పొడి అక్షరాల్లో వేసుకుంది. దాంతో పాఠకులు ఆమెను ‘అయ్యా’ అని సంబోధిస్తూ ఉత్తరాలు రాసేవారు. 1869లో హోవార్డ్ లా తరగతుల్లో చేరింది. డిగ్రీ చేతికొచ్చింది 1883లో, అరవైకి చేరువలో. మధ్యలో పద్నాలుగేళ్ళు. ఆ మధ్యలోనే, 1871లో, ఓటరుగా నమోదు చెయ్యమని వాషింగ్టన్ అధికారుల ముందు నిలబడ్డ స్త్రీలలో ఆమె ఉంది.

ఇంతవరకు బయటి ప్రపంచం సంగతి. విశ్వవిద్యాలయం లోపల ఎలా ఉండేదో తెలియాలంటే లూసీ డిగ్స్ స్లో కథ చదవాలి.

స్లో 1908లో హోవార్డ్ డిగ్రీ తీసుకుంది, తరగతిలో మొదటి స్థానంతో. విద్యార్థినిగా ఉండగానే ఇంకొందరితో కలిసి ఆల్ఫా కప్పా ఆల్ఫా అనే నల్ల విద్యార్థినుల సంఘం పెట్టింది. ఈ సంఘం పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. కొలంబియాలో ఎం.ఏ. చేసింది. 1917లో నల్లవాళ్ళ జాతీయ టెన్నిస్ పోటీల్లో మహిళల సింగిల్స్ గెలిచింది. వాషింగ్టన్‌లో ఒక స్కూలుకు ప్రిన్సిపాలయింది. 1922లో హోవార్డ్ ఆమెను స్త్రీల డీన్‌గా పిలిచింది. ఆ పదవిలో హోవార్డ్‌లో కూర్చున్న తొలి నల్ల స్త్రీ ఆమే. జాబితాకు కావలసినవన్నీ ఇక్కడితో అయిపోయాయి. అసలు కథ ఇక్కడ మొదలవుతుంది.

అప్పటికి స్త్రీల డీన్ అంటే హాస్టల్ వార్డెన్‌కి ఎక్కువ, ప్రొఫెసర్‌కి తక్కువ. అమ్మాయిలు ఎన్నింటికి గేటు దాటారు, ఏ బట్టలు వేసుకున్నారు - ఇవి చూసుకునే పెద్దావిడ. స్లో దీన్ని ఒప్పుకోలేదు. నేను కాపలాదారుని కాదు, విద్యావేత్తను అంది. నల్ల కుటుంబాల్లో, చర్చిల్లో ఆడపిల్లలకు అణిగి ఉండడమే నేర్పుతున్నారని, కాలేజీ కూడా అదే నేర్పితే వీళ్ళు సొంతంగా నిర్ణయాలు తీసుకునేదెప్పుడని వాదించింది. టీచర్ ట్రైనింగ్ ఒక్కటే కాదు, అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం చదవాలంది. 1933లో నల్ల స్త్రీల ఉన్నతవిద్య మీద ఆమె రాసిన వ్యాసంలోని వాదన ఇదే. అంతకు రెండేళ్ళ ముందు, 1931లో, విద్యార్థినుల కోసం కొత్త వసతిగృహాలు కట్టించుకోగలిగింది. నల్ల స్త్రీ పట్టభద్రుల జాతీయ సంఘానికి తొలి అధ్యక్షురాలు కూడా ఆమే.

1927లో ఒక ప్రొఫెసర్ తరగతిలో అసభ్యంగా మాట్లాడుతున్నాడని కొందరు విద్యార్థినులు ఆమె దగ్గరకు వచ్చారు. స్లో ఆ ఫిర్యాదును పై అధికారుల దాకా తీసుకెళ్ళింది. ఆ ప్రొఫెసర్ ఆమెకు బూతులతో ఒక ఉత్తరం రాశాడు. అతని ఉద్యోగానికేమీ కాలేదు. స్లో ఉద్యోగం మాత్రం ఆ తర్వాత రోజురోజుకీ కష్టమైంది. లైంగిక వేధింపు అన్న మాట పుట్టడానికి యాభై ఏళ్ళ ముందు సంగతి ఇది. ఇప్పుడు ప్రతి కాలేజీలో ఇలాంటి ఫిర్యాదులకు ఒక కమిటీ ఉంది, గోడకు నోటీసు ఉంది. ఫిర్యాదు మోసినావిడకు ఆ తర్వాత ఏమవుతుందో మీలో చాలామందికి నేను చెప్పనక్కర్లేదు.

అప్పటి అధ్యక్షుడు మొర్డెకాయ్ జాన్సన్. హోవార్డ్‌కు 1926లో వచ్చిన మొదటి నల్ల అధ్యక్షుడు, విశ్వవిద్యాలయాన్ని నిజంగా పెద్దది చేసినవాడు. 1949లో మనదేశం వచ్చి వెళ్ళాడు. గాంధీ గురించి ఆయన 1950లో ఫిలడెల్ఫియాలో చేసిన ప్రసంగమే మార్టిన్ లూథర్ కింగ్‌ను గాంధీ పుస్తకాల వైపు నడిపింది. అంత పెద్దమనిషి. స్లో విషయంలో ఆయన ఉదారత పనిచెయ్యలేదు. సమాన హోదా ఉన్న మగ అధికారుల జీతం ఆమెకు రాలేదు. ఆమె అధికారాలు ఒక్కొక్కటీ తగ్గిపోయాయి. ఉద్యోగంలో చేరేటప్పుడే క్యాంపస్ బయట సొంతింట్లో ఉంటానని ఆమె షరతు పెట్టుకుంది. నాటక రచయిత్రి మేరీ బరిల్‌తో కలిసి ఆ ఇంట్లో ఉండేది. ఇద్దరు స్త్రీలు కట్టుకున్న ఆ జీవితాన్ని వదిలి క్యాంపస్‌లోకి మారమని 1930లలో ఒత్తిడి చేశారు. ఆమె మారలేదు. పోట్లాడుతూ పోట్లాడుతూనే 1937 అక్టోబర్‌లో, ఉద్యోగంలో ఉండగానే చనిపోయింది.

నల్లజాతి విముక్తి కోసం పుట్టిన సంస్థ లోపల పితృస్వామ్యం ఎలా ఉంటుందో చెప్తే కొందరికి నచ్చదు. శత్రువుకు ఆయుధం ఇస్తున్నామంటారు. ఈ వాదన మన ఉద్యమాల్లో మనం విన్నదే. స్లో ఆ వాదన వినలేదు, అలాగని హోవార్డ్‌ను వదిలీ పోలేదు.

పాలీ మర్రీ దగ్గరకు వచ్చేసరికి నాకు తొందరగా దాటిపోవాలని లేదు.

ఉత్తర కరొలైనా విశ్వవిద్యాలయం 1938లో నల్లజాతి అన్న కారణంతో ఆమెకు సీటివ్వలేదు. 1940లో వర్జీనియాలో బస్సులో వెనక సీట్లోకి పొమ్మంటే పోనందుకు అరెస్టయింది. గాంధీ సత్యాగ్రహం గురించి అప్పటికే చదివి, జైల్లో ఆ పద్ధతిని పాటించి చూసింది. 1941లో జాతివివక్షతో పోరాడే లాయరు కావాలని హోవార్డ్ లా కాలేజీలో చేరింది. అది సరైన చోటు. నల్లవాళ్ళ పౌరహక్కుల కేసులన్నింటికీ వంటిల్లు లాంటిది ఆ కాలేజీ. తరగతిలో ఆమె ఒక్కతే ఆడమనిషి. మొదటిరోజే ఒక ప్రొఫెసర్, ఆడవాళ్ళు లా చదవడానికి ఎందుకొస్తారో తనకర్థం కాదన్నాడు. క్లాసంతా నవ్వింది. జాతివివక్ష చట్టాలను అమెరికాలో ‘జిమ్ క్రో’ అంటారు. జిమ్ మగ పేరు. ఆ రోజు జరిగినదానికి మర్రీ తర్వాత పెట్టిన పేరు ‘జేన్ క్రో’. బయట తెల్లవాళ్ళ ప్రపంచంలో నల్ల మనిషిగా పడ్డ అవమానాన్ని, నల్లవాళ్ళ మధ్య ఆడమనిషిగా మళ్ళీ పడింది. దానికో పేరు పెట్టడం చిన్న విషయం కాదు. పేరు లేనన్నాళ్ళూ అది మన సొంత బాధ, మన చాతకానితనం.

అది యుద్ధకాలం. మగపిల్లలు చాలామంది సైన్యంలో ఉన్నారు. 1943 జనవరిలో ముగ్గురు హోవార్డ్ విద్యార్థినులు ఒక కొట్లో హాట్ చాక్లెట్ తాగితే, పది సెంట్ల కప్పుకు ఇరవై అయిదు సెంట్ల బిల్లు వేశారు. వాళ్ళు అసలు ధరే లెక్కకట్టి ఇచ్చారు. పోలీసులు పట్టుకెళ్ళారు. ఆ ఏప్రిల్‌లో విద్యార్థులు, ఎక్కువమంది ఆడపిల్లలే, ‘లిటిల్ ప్యాలెస్’ అనే కెఫెటేరియాకు ముగ్గురేసి చొప్పున వెళ్ళారు. వడ్డించమంటే ఖాళీ ట్రేలతో బల్లల దగ్గర కూర్చుని పుస్తకాలు తీసి చదువుకున్నారు. బయట ఇంకొందరు, కలిసి చావగా లేనిది కలిసి తినకూడదా అన్న అట్టలు పట్టుకున్నారు. వాళ్ళకు న్యాయసలహా మర్రీది. కొద్దిరోజుల్లోనే ఆ కెఫెటేరియా నల్లవాళ్ళకు వడ్డించడం మొదలుపెట్టింది. మరుసటి ఏడు ఇంకో పెద్ద హోటల్ దగ్గర మొదలుపెట్టగానే హోవార్డ్ యాజమాన్యమే ఆపమంది. విశ్వవిద్యాలయానికి డబ్బులిచ్చేది కాంగ్రెస్, అందులో దక్షిణాది తెల్ల సభ్యులు కూర్చుని ఉన్నారు.

ఈ నిరసన పద్ధతి గురించి పాఠ్యపుస్తకం తెరిచి చూడండి. 1960, గ్రీన్స్‌బరో, నలుగురు మగ విద్యార్థులు అని ఉంటుంది. వాళ్ళ ధైర్యానికి వంక పెట్టను. పదిహేడేళ్ళ ముందు ఆ ఆడపిల్లలు ఖాళీ ట్రేల ముందు కూర్చున్న సంగతి ఎందుకు అంత తేలిగ్గా జారిపోయిందన్నదే నా అనుమానం.

మర్రీ 1944లో క్లాసులో మొదటి స్థానంలో పాసయింది. మొదటివచ్చినవాళ్ళు స్కాలర్‌షిప్‌తో పైచదువుకు హార్వర్డ్ వెళ్ళడం అక్కడి ఆనవాయితీ. మర్రీ దరఖాస్తు పెట్టింది. మీరు మేం చేర్చుకునే లింగానికి చెందినవారు కారని జవాబొచ్చింది. హోవార్డ్‌కీ హార్వర్డ్‌కీ మధ్య ఉన్న దూరం నా విద్యార్థులకు చెప్పలేకపోయానన్నాను కదా, ఆ దూరం ఇదే. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ చేత కూడా ఉత్తరం రాయించినా లాభం లేకపోయింది. లింగం మార్చుకోవడానికి సంతోషంగా ఒప్పుకునేదాన్నే గానీ దానికి దారి నాకు తెలియదే, కనుక మీ మనసు మార్చుకోండన్న అర్థంలో ఆమె హార్వర్డ్‌కు తిరిగి రాసింది. ఈ జవాబు చదివి అందరూ నవ్వుతారు. నేనూ మొదట నవ్వాను. తన శరీరం, తన మనసు ఒకటి కావని చిన్నప్పటినుంచీ నలిగిపోయి, హార్మోన్ వైద్యం చెయ్యమని డాక్టర్ల చుట్టూ తిరిగి లేదనిపించుకున్న మనిషి రాసిన వాక్యమది అని తర్వాత తెలిసింది. ఇప్పుడు నవ్వు రాదు. (మర్రీని ఏ సర్వనామంతో పిలవాలన్న చర్చ చరిత్రకారుల్లో నడుస్తోంది. తన రచనల్లో స్త్రీగానే చెప్పుకుంది కనుక నేను ‘ఆమె’ అంటున్నాను.) హార్వర్డ్ లా కాలేజీ స్త్రీలను చేర్చుకున్నది 1950లో.

హోవార్డ్ చివరి ఏడాది సెమినార్‌లో మర్రీ ఒక వాదన చేసింది. తెల్లవాళ్ళ స్కూలుతో నల్లవాళ్ళ స్కూలు సమానంగా లేదని వాదించడం కాదు, ‘వేరుగా ఉంచడమే’ రాజ్యాంగవిరుద్ధం అని నేరుగా కొట్టాలంది. మగ సహాధ్యాయులు నవ్వారు. పాతికేళ్ళలో ఆ పాత తీర్పు కూలిపోతుందని తన ప్రొఫెసర్ స్పాట్స్‌వుడ్ రాబిన్సన్‌తో పది డాలర్ల పందెం కాసి, ఆ అంశం మీదే వ్యాసం రాసిచ్చింది. తీర్పు పదేళ్ళకే, 1954లో, బ్రౌన్ కేసులో కూలింది. ఆ కేసు తయారీలో రాబిన్సన్ తన పాత విద్యార్థిని వ్యాసం బయటికి తీసి చూసుకున్నాడు. ఆ సంగతి ఆమెకు తెలిసింది 1963లో, హోవార్డ్‌కు వెళ్ళినప్పుడు. తొమ్మిదేళ్ళపాటు ఎవరికీ ఆమెకు చెప్పాలని తోచలేదు.

ఆ మధ్యకాలంలో ఆమె తిండికి సంపాదించుకోవడానికి తంటాలు పడుతోంది. 1951లో రాష్ట్రాలన్నింటిలోని జాతివివక్ష చట్టాలను ఏడువందల పైచిలుకు పేజీల్లో ఒకచోట చేర్చిన పుస్తకం తెచ్చింది. పౌరహక్కుల లాయర్లకు అది బైబిల్ అయింది. 1965లో యేల్ నుంచి న్యాయశాస్త్రంలో డాక్టరేట్ తీసుకుంది. అదే ఏడు ఇంకొకరితో కలిసి, జాతివివక్షకు వర్తించే రాజ్యాంగ సూత్రమే స్త్రీవివక్షకూ వర్తించాలని ‘జేన్ క్రో’ పేరుతోనే వ్యాసం రాసింది. 1971లో రీడ్ కేసులో రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ సుప్రీంకోర్టుకిచ్చిన వాదనపత్రం మీద మర్రీ పేరు కూడా వేసింది. ఈ కేసులో మర్రీ కలం పెట్టలేదు, కానీ ఆ ఆలోచన ఎక్కడిదో అందరికీ తెలియాలన్నది గిన్స్‌బర్గ్ ఉద్దేశం. ఇలా అప్పు ఒప్పుకునేవాళ్ళు చరిత్రలో తక్కువ. 1977లో మర్రీ ఎపిస్కోపల్ చర్చిలో పూజారి అయింది. 1985లో చనిపోయింది. 2024లో అమెరికా ప్రభుత్వం పాతిక సెంట్ల నాణెం మీద ఆమె బొమ్మ వేసింది.

1943లో కెఫెటేరియా నిరసనలో పాల్గొన్న విద్యార్థినుల్లో పట్రీషియా రాబర్ట్స్ అనే అమ్మాయి ఉంది. రైలు భోజనాల పెట్టెలో వడ్డించే మనిషి కూతురు. 1945లో హోవార్డ్ పట్టా, 1965లో లగ్జంబర్గ్‌కు రాయబారి - తొలి నల్ల మహిళా రాయబారి. 1969లో హోవార్డ్ లా కాలేజీ డీన్ అయింది. అక్కడ నెలరోజులే ఉంది. విద్యార్థుల ఆందోళనలో యాజమాన్యం తన వెనక నిలబడలేదని రాజీనామా చేసి వచ్చేసింది. జాబితాల్లో ‘తొలి నల్ల మహిళా లా డీన్’ అని ఉంటుంది, నెలరోజులని ఉండదు. 1977లో కార్టర్ మంత్రివర్గంలో గృహనిర్మాణ శాఖకు ఎంపికైనప్పుడు, మీరు పేదలకు ప్రతినిధిగా ఉండగలరా అని ఒక సెనేటర్ అడిగాడు. నేనెవరో మీకు అర్థమైనట్టు లేదు, ఎనిమిదేళ్ళ కిందట ఈ ఊళ్ళో కొన్ని పేటల్లో ఇల్లు కొనుక్కునే వీలులేని నల్ల స్త్రీని నేను అని జవాబు చెప్పింది.

రచయిత్రుల గురించి మన పాఠకులకు ఎక్కువే తెలుసు కాబట్టి కొంచెమే చెప్తాను. జోరా నీల్ హర్‌స్టన్ హోవార్డ్‌లో చదివేటప్పుడు తెల్ల దొరలకు క్షవరం చేసే ఒక నల్లాయన సెలూన్‌లో గోళ్ళు కత్తిరించే పని చేసేది. పగలు చదువు, సాయంత్రం మంత్రుల గోళ్ళు. ఒకరోజు ఒక నల్లాయన వచ్చి తనకూ క్షవరం చెయ్యమని పట్టుబడితే, పనివాళ్ళందరూ కలిసి అతన్ని బయటకు గెంటారు. తన మనసు కూడా గెంటినవాళ్ళ వైపే మొగ్గిందని, ఎందుకంటే ఆ పూట కూడు పోతుందని, హర్‌స్టన్ ఆత్మకథలో దాచకుండా ఒప్పుకుంది. సాధించినవాళ్ళు ఇలాంటివి రాసుకోవడం అరుదు. మొదటి కథ 1921లో హోవార్డ్ సాహిత్యపత్రికలో అచ్చయింది. 1924లో ‘హిల్‌టాప్’ అనే విద్యార్థి పత్రిక పెట్టినవాళ్ళలో ఆమె ఒకతె. అన్ని నవలలు, అంత జానపద పరిశోధన చేసి, 1950లో మయామీలో ఒకరింట్లో పనిమనిషిగా కనిపించింది. 1960లో పోతే సమాధి మీద పేరు కూడా లేదు. 1973లో ఆలిస్ వాకర్ వెతుక్కుంటూ వెళ్ళి, గడ్డిలో నడిచి, రాయి పెట్టించింది.

టోనీ మారిసన్‌ది వేరే కథ. ఒహాయో నుంచి 1949లో, నల్ల మేధావుల మధ్య ఉండాలని కోరి హోవార్డ్ వచ్చింది. వచ్చి చూస్తే, అక్కడ కూడా చర్మం ఛాయల లెక్కలున్నాయి. తేనెరంగు వాళ్ళకు ఒక మర్యాద, నల్లటివాళ్ళకు ఇంకొకటి. షేక్స్‌పియర్ నాటకాల్లో నల్ల పాత్రల గురించి రాస్తానంటే, అదేం విషయమని అధ్యాపకుడు మండిపడ్డాడు. తర్వాత అదే హోవార్డ్‌లో 1957 నుంచి 1964 దాకా పాఠం చెప్పింది. అక్కడ చిన్న రచయితల బృందంలో చేరింది. ఏదో ఒకటి రాసుకురాకపోతే రానివ్వరు. రాసుకుపోవడానికి ఏమీ లేక, నీలికళ్ళు కావాలనుకున్న ఒక నల్ల పిల్ల గురించి చిన్న కథ పట్టుకెళ్ళింది. అదే పెరిగి 1970లో ‘ది బ్లూయెస్ట్ ఐ’ నవల అయింది.

అప్పటికి ఆమె విడాకులు తీసుకుని, ఇద్దరు పిల్లలను పెంచుతూ, న్యూయార్క్‌లో రాండమ్ హౌస్ ప్రచురణ సంస్థలో ఎడిటరుగా పనిచేస్తోంది. జాబితాల్లో 1993 నోబెల్ ఉంటుంది. ఆ ఎడిటర్ ఉద్యోగం ఉండదు, ఉన్నా ఒక మూల. ఏంజెలా డేవిస్ ఆత్మకథ, టోనీ కేడ్ బాంబారా కథలు, గెయిల్ జోన్స్ నవలలు ఆ బల్ల మీంచే బయటికొచ్చాయి. ‘ది బ్లాక్ బుక్’ అని నల్లవాళ్ళ చరిత్ర కాగితాల సంకలనాన్ని 1974లో తెస్తున్నప్పుడే, బిడ్డను మళ్ళీ బానిసత్వంలోకి పంపలేక చంపుకున్న మార్గరెట్ గార్నర్ గురించిన 1856 నాటి పాత వార్త ఆమె కంటబడింది. అది ‘బిలవ్డ్’ అయింది. పక్కవాళ్ళ రాతప్రతులు దిద్దే పనిలోంచి సొంత నవల పుట్టడం పత్రికలు నడిపే మనకు కొంత ఓదార్పు.

2024 నవంబర్ 5 రాత్రి హోవార్డ్ మైదానంలో వేలమంది విద్యార్థినులు నిలబడి ఉన్నారు. 1986లో అక్కడ పట్టా తీసుకున్న కమలా హ్యారిస్ అధ్యక్షురాలవుతుందని ఎదురుచూశారు. 2021 జనవరి నుంచి 2025 జనవరి దాకా ఆమె ఉపాధ్యక్షురాలు, ఆ పదవికీ మొట్టమొదటి స్త్రీయే. ఆ రాత్రి ఆమె రాలేదు. మర్నాడు వచ్చి, ఓడిపోయానని అదే మైదానంలో చెప్పింది. ఆ రోజు నేను చదివిన మన పత్రికల్లో రెండు ఊళ్ళున్నాయి: ఆమె తాతగారిదైన తమిళనాడులోని తులసేంద్రపురం, కొత్త ఉపాధ్యక్షుడి భార్య ఉష పూర్వీకులదైన మన పశ్చిమగోదావరి వడ్లూరు. ఒక ఊళ్ళో బాధ, ఒక ఊళ్ళో స్వీట్లు. ఆమె వెనక కనిపిస్తున్న ఆ ఎర్ర ఇటుకల భవనం ఏమిటని ఒక్కరూ రాయలేదు.

గుంపులో ఏడుస్తున్న ఆడపిల్లల్లో కొందరు గులాబీ, ఆకుపచ్చ రంగుల బట్టలు వేసుకున్నారు. అవి ఆల్ఫా కప్పా ఆల్ఫా రంగులు. హ్యారిస్ కూడా విద్యార్థినిగా అందులో సభ్యురాలే. 1908లో లూసీ స్లో పెట్టిన సంఘం అది.